ఎవరితో అని అడగండి

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ జోన్స్ రిటైరయ్యాడని 2025 జూన్‌లో ఆ పోటీలు నడిపే యూఎఫ్‌సీ పెద్ద డేనా వైట్ ప్రకటించాడు. జూలై మొదట్లో వైట్‌హౌస్ ఆవరణలో ఫైట్లు పెట్టిస్తానని ట్రంప్ అన్నాడో లేదో, జోన్స్ మళ్లీ డోప్ పరీక్షల జాబితాలోకి వచ్చి చేరాడు. పట్టుమని నెల్లాళ్లు ఇంట్లో కూర్చోలేదు మనిషి. ఆ నెలలోనే అతనికి 38 నిండాయి. అప్పట్నుంచి మా కుర్రాళ్లకు ఒకటే గోల. “మాస్టారూ, ఈ వయసులో తిరిగొచ్చి కొట్టగలడంటారా?”

కొట్టగలడు. ఎవర్నో ముందు చెప్పండి.

నేను బాక్సింగ్ మనిషిని. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరాను, గ్లవ్స్ విప్పేశాక చాలాకాలం రాష్ట్ర స్థాయి పోటీలకు రిఫరీగా, జడ్జిగా తిరిగాను. ఇప్పుడు సాయంత్రం పూట విశాఖలో కొంతమంది పిల్లలకు నేర్పుతున్నాను. వీళ్లలో సగం మందికి బాక్సింగ్ కంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ మీదే మోజు. అమెరికాలో శనివారం రాత్రి జరిగే ఫైట్లు మనకు ఆదివారం ఉదయం కాఫీ వేళకు వస్తాయి కాబట్టి, అందరూ ఒక ఫోన్ చుట్టూ మూగుతారు. నేనూ కూర్చుంటాను. కిందపడ్డవాడి మీదెక్కి కొట్టడం నాకు ఇప్పటికీ చూడబుద్ధి కాదు. కానీ ముసలి ఫైటర్ ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలంటే మాత్రం మా రింగు కంటే ఆ కేజే మేలు.

వయసు మీద పడితే ముందు ఏది పోతుందో నాకు ఒంటి మీద తెలుసు. నలభై దాటాక కూడా కుర్రాళ్లతో స్పారింగ్‌కి దిగేవాణ్ణి. ఎదుటివాడి భుజం కదలగానే ఎడమచేతి గుద్దు వస్తోందని తెలిసిపోయేది. తల ఎటు తప్పించాలో కూడా తెలుసు. తెలిసింది కదా అని తల కదిపేలోపే గ్లవ్ వచ్చి ముక్కు మీద పడేది. చూపు తగ్గలేదు, తెలివి తగ్గలేదు, ఆ రెండూ చెప్పిన మాట ఒళ్లు వినడమే ఆలస్యమైంది. బలం అలా పోదు. ఇప్పటికీ ఓ పాతికేళ్లవాణ్ణి మెడ దగ్గర పట్టి గోడకు ఆనించానంటే వదిలించుకోవడానికి వాడు తంటాలు పడతాడు. వేగం పోయిన చాలా ఏళ్లకు గానీ పట్టు పోదు.

బాక్సింగ్‌లో ఈ పట్టు పనికిరాదు, పనికిరాకుండా చేసేది రిఫరీయే. రింగులో నేను పలికే మాటలు మూడే: బాక్స్, బ్రేక్, స్టాప్. అలిసిపోయినవాడు ఎదుటివాణ్ణి వాటేసుకుంటాడు, మెడ మీద గడ్డం పెట్టి నాలుగు ఊపిర్లు తీసుకుందామనుకుంటాడు. నేను ‘బ్రేక్’ అంటాను. ఇద్దరూ ఓ అడుగు వెనక్కి వేయాలి. మళ్లీ మధ్యలో ఖాళీ జాగా, మళ్లీ కుర్రాడి వేగానిదే రాజ్యం. ముసలి బాక్సర్‌కి నాకంటే పెద్ద శత్రువు లేడు. ఎంఎంఏలో ఆ వాటేసుకోవడమే ఒక విద్య. ఎదుటివాణ్ణి కేజ్ గోడకు అదిమి, తలతో అతని గడ్డాన్ని పైకి నెట్టి, ఒంటి బరువంతా అతని మీద వేసి, మధ్యమధ్య చిన్న గుద్దులు గుద్దుతూ రౌండ్ గడిపేయవచ్చు. మరీ కదలకుండా ఉంటే రిఫరీ విడదీస్తాడు గానీ, ఏదో ఒక పని జరుగుతుంటే జోక్యం చేసుకోడు. జడ్జిలు దానికి పాయింట్లు కూడా వేస్తారు. అంటే వయసు మళ్లినవాడికి అక్కడ తలదాచుకునే చోటుంది. ఆ చోటు వాడుకోవడం వచ్చినవాడు తిరిగి రావచ్చు, రానివాడు రాకూడదు.

రాండీ కుటూర్‌కి వచ్చు. ఒలింపిక్స్‌కి వెళ్లే అమెరికా జట్టుకు అదనపు మల్లుడిగా మూడుసార్లు అంచుదాకా వెళ్లి ఆగిపోయిన గ్రీకో రోమన్ కుస్తీ మనిషి. నడుము కింద చెయ్యి వేయకూడని కుస్తీ అది. ఛాతీకి ఛాతీ ఆనించి పోరాడడం దాని ప్రాణం. 2006 ఫిబ్రవరిలో చక్ లిడెల్ చేతిలో రెండో రౌండ్లో నాకౌటై, కేజ్‌లోనే రిటైర్మెంట్ చెప్పేశాడు. అంతకుముందు ఏడాది కూడా లిడెలే అతన్ని నాకౌట్ చేశాడు. పదమూడు నెలలు తిరిగేసరికి, 2007 మార్చి 3న, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో 43 ఏళ్ల వయసులో హెవీవెయిట్ ఛాంపియన్ టిమ్ సిల్వియా ముందు నిలబడ్డాడు. సిల్వియా ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, ముప్పై ఏళ్లవాడు. గంట కొట్టిన కొద్ది సెకన్లకే కుటూర్ కుడిచేతి గుద్దుకు అంత మనిషీ కింద కూర్చున్నాడు. తర్వాత అయిదు రౌండ్లూ అతన్ని పడేయడం, పట్టుకోవడం, గోడకు అదమడం. ముగ్గురు జడ్జిలూ 50-45 వేశారు. ఒక్క రౌండ్ కూడా పోలేదు.

ఈ ఫైట్ నేను తర్వాతెప్పుడో చూశాను, ఓ శిష్యుడు పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చిస్తే. 43 ఏళ్లవాడు గెలిచాడని మా వాళ్లు చప్పట్లు కొడుతుంటే నాకు మాత్రం ఆ ఎంపిక మీద మెప్పు కలిగింది. కుటూర్ తిరిగొచ్చింది లిడెల్ మీదికి కాదు. తన వేగానికి తూట్లు పొడిచినవాడి జోలికి వెళ్లకుండా, నెమ్మదిగా కదిలే పొడుగు మనిషి ఎక్కడున్నాడో అక్కడికి వెళ్లాడు. 93 కిలోల తరగతి వదిలేసి హెవీవెయిట్‌కి మారడంలో ఇంకో లాభం కూడా ఉంది, బరువు దించుకునే బాధ లేదు. ఆ ఆగస్టులో గాబ్రియేల్ గొంజాగా మీద టైటిల్ నిలబెట్టుకున్నాడు. తర్వాతి ఏడాది నవంబర్‌లో బ్రాక్ లెస్నర్ వచ్చి రెండో రౌండ్లో కొట్టేశాడు. లెస్నర్ అప్పటికి ఆడిన ఫైట్లు మూడే. కానీ అతను కుటూర్ కంటే బరువైనవాడు, కుటూర్ కంటే వేగమైనవాడు, పైగా తనూ కుస్తీవాడే. తలదాచుకునే చోటు అక్కడ లేకుండా పోయింది.

లిడెల్ కథ దీనికి పూర్తిగా అటువైపు. అతను గెలిచిందంతా సమయం పట్టుకోవడం మీద. ఎదుటివాడు ముందుకొచ్చి కొట్టబోయే క్షణంలో తను వెనక్కి తగ్గుతూ కుడిచేత్తో కొట్టడం. ఒకటి రెండు తగిలినా గడ్డం ఓర్చుకుంటుందన్న ధీమా దానికి పునాది. 2008 నుంచి 2010 దాకా వరసగా మూడు ఫైట్లలో మూడుసార్లూ నాకౌటయ్యాడు. చివరిసారి పడగొట్టిన రిచ్ ఫ్రాంక్లిన్‌కి ఆ ఫైట్లోనే చెయ్యి విరిగింది. విరిగిన చెయ్యి ఒకటి పెట్టుకుని ఇంకో చేత్తో పడేశాడు. సొట్టపడ్డ సత్తుగిన్నెను లోపలినుంచి కొట్టి మళ్లీ సాపు చేయవచ్చు గానీ ఆ చోట రేకు పలచబడుతుంది. గడ్డం కూడా అంతే, ఎనిమిదేళ్లు విశ్రాంతి ఇచ్చినా మందం తిరిగి రాదు.

ఆ ఎనిమిదేళ్లే ఇచ్చాడు లిడెల్. 2018 నవంబర్ 24న, 48 ఏళ్ల వయసులో, లాస్ ఏంజెలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో పాత పగవాడు టిటో ఓర్టిజ్ మీదికి దిగాడు. ఓర్టిజ్‌ని అంతకుముందు రెండుసార్లు కొట్టి ఉన్నాడు. ఈసారి మొదటి రౌండ్ ముగియకుండానే లిడెల్ ముఖమే నేలకు ఆనింది. ఆ వీడియో చూసినవాళ్లకు గుద్దు కంటే ముందు అతని కాళ్లే కథ చెబుతాయి. అడుగు వేయాల్సిన చోట వేయడం లేదు, తిరగాల్సినప్పుడు తిరగడం లేదు. కార్నర్‌లో నేనుంటే తువ్వాలు భుజం మీద పెట్టుకోను, చేతిలోనే పట్టుకుంటాను.

ఇంకో తమాషా ఉంది. ఓర్టిజ్ కూడా రిటైరై తిరిగొచ్చినవాడే. 43 ఏళ్లు. కాబట్టి లెక్క రాసేవాళ్లు ఆ రాత్రిని ‘విజయవంతమైన పునరాగమనం’ కింద కూడా రాసుకోవచ్చు. తిరిగొచ్చినవాళ్లిద్దర్ని ఎదురెదురుగా నిలబెడితే ఒకడు గెలవక ఏమవుతాడు? ఇలాంటి గెలుపులు పత్రికల్లో చాలా కనిపిస్తాయి. రష్యా దిగ్గజం ఫెదోర్ ఎమెలియనెంకో 2012లో విరమించి 2015 డిసెంబర్ 31న జపాన్‌లో తిరిగొచ్చాడు, భారత మూలాలున్న కిక్‌బాక్సర్ జైదీప్ సింగ్ మీద. కుస్తీలో ఓనమాలు దిద్దుతున్న మనిషి జైదీప్, ఫెదోర్ మొదటి రౌండ్లోనే ముగించాడు. తర్వాత ఫ్రాంక్ మిర్‌ని 48 సెకన్లలో పడగొట్టాడు, చేల్ సోనెన్‌ని గెలిచాడు. ఇద్దరూ తన వయసు వాళ్లే. ఇంకా పదునున్న ఛాంపియన్ రయన్ బేడర్ ఎదురయ్యేసరికి 35 సెకన్లు. నాలుగేళ్లకు వీడ్కోలు ఫైట్ అని మళ్లీ అదే బేడర్ మీదికి వెళ్లాడు, మళ్లీ మొదటి రౌండే. ఫెదోర్ అంటే నాకు గౌరవం, అందుకే ఆ రెండోది ఎందుకు ఒప్పుకున్నాడా అని ఇప్పటికీ కొంచెం కోపం.

బరువు సంగతి ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం వదలను. మా రోజుల్లో పోటీకి ముందు ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవాళ్లం, నోట్లో నీళ్లు పోసుకుని మింగకుండా ఉమ్మేసేవాళ్లం. ఇరవై ఏళ్ల ఒంటికి అది ఓ రాత్రి బాధ. ఎంఎంఏలో తూకం ముందురోజు కాబట్టి ఇంకా ఎక్కువ దించుతారు, ఒంట్లో నీరంతా పిండేసుకుంటారు. నలభైకి దగ్గరపడ్డ ఒళ్లు ఆ నీటిని ఒక్క రాత్రిలో తిరిగి తెచ్చుకోలేదు. బ్రెజిల్ ఛాంపియన్ జోసే ఆల్డో 2022లో విరమించి, 2024 మేలో సొంత దేశంలో తిరిగొచ్చి చక్కగా గెలిచాడు. ఏడాది తిరిగేసరికి మాంట్రియల్‌లో 61 కిలోలకు దిగలేక, ఫైట్‌ని పై తరగతికి మార్చాల్సి వచ్చింది. అది ఓడి మళ్లీ రిటైర్మెంట్ చెప్పాడు. 38 ఏళ్లకు ఆల్డోలో పోరాటం తగ్గిందని నేననుకోను, తూకం యంత్రమే అతన్ని ముందు ఓడించింది.

జార్జ్ సెయింట్ పియర్ అందుకే తెలివైనవాడు. కెనడావాడు. 77 కిలోల టైటిల్‌ని వరసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకుని, 2013లో ఎవరూ పడగొట్టకముందే తనంతట తాను వెళ్లిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, 2017 నవంబర్ 4న, 36 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో తిరిగొచ్చాడు, పాత తరగతికి కాదు, 84 కిలోలకు. అక్కడ అసలు ప్రమాదకరమైనవాళ్లు రాబర్ట్ విటేకర్, యోయెల్ రొమేరో. వాళ్లు వరసలో నిలబడి చూస్తుండగా ఇతను వెళ్లి ఎంచుకున్నది ఛాంపియన్ మైకేల్ బిస్పింగ్‌ని. 38 ఏళ్లవాడు, ఒక కన్ను ఎప్పుడో దెబ్బతిన్నవాడు. వరస తప్పించాడని చాలామంది తిట్టారు. తిట్టడంలో న్యాయం ఉంది. కానీ మూడో రౌండ్లో ముఖమంతా రక్తం కారుతుండగా ఎడమచేతి గుద్దుతో బిస్పింగ్‌ని పడేసి, వెనక చేరి మెడ బిగించి, స్పృహ తప్పేదాకా వదలకపోవడం చూశాక నాకు ఆ ఫిర్యాదు గుర్తు రాలేదు. నెల దాటగానే పేగుల జబ్బు బయటపెట్టి టైటిల్ వదిలేశాడు. మళ్లీ కేజ్ ఎక్కలేదు. ఒక రాత్రి కోసం వచ్చాడు, అది తీసుకుని వెళ్లిపోయాడు. నా దృష్టిలో ఇంత శుభ్రంగా చేసినవాడు ఇంకొకడు లేడు.

బాక్సింగ్ మిత్రులతో ఈ చర్చ పెడితే జార్జ్ ఫోర్‌మన్ పేరు తీయకుండా ఉండరు. 1994 నవంబర్ 5న, 45 ఏళ్ల ఫోర్‌మన్, 1974లో అలీ చేతిలో ఓడినప్పటి నిక్కరే తొడుక్కుని వచ్చి, 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ని పదో రౌండ్లో నాకౌట్ చేశాడు. నిజమే, నాకూ ఒళ్లు పులకరించింది. అయితే ఫోర్‌మన్ తిరిగొచ్చింది 1994లో కాదు, 1987లో. ఊరూపేరూ లేనివాళ్లను ఇరవైమందికి పైగా కొట్టుకుంటూ, మెల్లగా కాళ్లు తిరిగి తెచ్చుకుంటూ, ఏడేళ్లు నడిచాడు. యూఎఫ్‌సీ ఎవరికీ ఆ ఏడేళ్లు ఇవ్వదు. పాత ఛాంపియన్ వస్తున్నాడంటే పోస్టర్ మీద పెద్ద బొమ్మ పడాలి, ఎదుట కూడా పెద్ద పేరే ఉండాలి. బీజింగ్ ఒలింపిక్స్ కుస్తీ స్వర్ణ విజేత హెన్రీ సెహుడో మూడేళ్ల విరామం తర్వాత 2023 మేలో వస్తే తొలి ఫైటే టైటిల్ కోసం, అల్జమైన్ స్టెర్లింగ్‌తో. ముగ్గురు జడ్జిల్లో ఒకరు సెహుడోకే వేశారు, ఇద్దరు వేయలేదు. మధ్యలో ఒక్క చిన్న ఫైట్ ఆడి ఉంటే ఆ రెండో జడ్జి కూడా ఇటు వచ్చేవాడేమోనని నా అనుమానం.

మందుల ప్రస్తావన లేకుండా ముసలి ఛాంపియన్ల గురించి రాయడం మొహమాటమే అవుతుంది. ఒకప్పుడు వయసు మళ్లిన ఫైటర్లకు డాక్టరు చీటీతో టెస్టోస్టెరాన్ వాడుకునే అనుమతులు ఇచ్చేవారు. 2014 ఫిబ్రవరిలో నెవాడా కమిషన్ వాటిని ఆపేసింది. అప్పటిదాకా కుర్రాళ్లలా కనిపించిన కొందరు ఆ తర్వాత తమ వయసు వాళ్లలా కనిపించారు. లెస్నర్ 2016లో తిరిగొచ్చి మార్క్ హంట్‌ని గెలిచాడు. మామూలుగా తిరిగొచ్చేవాళ్లు కొన్ని నెలలు ముందుగా పరీక్షలకు లోబడి ఉండాలి, అతనికి ఆ నిబంధన సడలించారు. చేసిన పరీక్షల్లోనే దొరికిపోయాడు, గెలుపు కొట్టేశారు. జోన్స్ చరిత్రలో కూడా ఇలాంటి మచ్చలున్నాయని కుర్రాళ్లకు చెబుతుంటాను. వాళ్లకు వినబుద్ధి కాదు.

మరి ఇంత తెలిసీ ఎందుకొస్తారు? లిడెల్‌కి యూఎఫ్‌సీ ఓ పెద్ద కుర్చీ వేసి ఉద్యోగం ఇచ్చింది. 2016లో కంపెనీ దాదాపు 400 కోట్ల డాలర్లకు చేతులు మారాక ఆ కుర్చీ తీసేశారు. తర్వాత రెండేళ్లకే అతను గ్లవ్స్ తీశాడు. డబ్బు కోసమేనని నేను తేల్చను. రైల్వేలో నాకు నెల తిరిగేసరికి జీతం వచ్చేది, పైగా పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు ఉండేది. అది లేకపోతే నలభై అయిదేళ్ల వయసులో నేనే ఏ జిల్లా మీట్‌లోనో దిగి ఉండేవాణ్ణి.

ఆ లిడెల్ ఫైట్‌కి కాలిఫోర్నియా కమిషన్ లైసెన్స్ ఇచ్చింది. డేనా వైట్ బహిరంగంగా తప్పుపట్టాడు. ఎవరిని ఆపాలి, ఎలా ఆపాలి అన్నదే అసలు చర్చ. మా అమెచ్యూర్ బాక్సింగ్‌లో 40 దాటితే తలుపు మూసేస్తారు. మేరీ కోమ్‌కి ఆడాలనే ఉంది, నిబంధన ఒప్పుకోవడం లేదని 2024లో ఆమే చెప్పింది. 2019 డిసెంబర్ ట్రయల్స్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ని 9-1తో ఓడించినప్పుడు ఆమెకు 37. వయసే కొలబద్ద అయితే కుటూర్‌ని సిల్వియా ముందుకు రానిచ్చేవాళ్లు కాదు. అందుకే ఆ గీత నాకు నచ్చదు. మా దగ్గరే ఇంకో నిబంధన ఉంది, అది బంగారం. తలకు దెబ్బ తగిలి నాకౌటైతే నెల్లాళ్లు రింగు ఎక్కకూడదు. మూడు నెలల్లో రెండుసార్లయితే మూడు నెలలు, ఏడాదిలో మూడుసార్లయితే ఏడాది. దాన్నే ఇంకొంచెం పొడిగించండి. చివరి మూడు ఫైట్లలో రెండుసార్లు నాకౌటై విరమించినవాడు, పుట్టినతేదీ ఏదైనా సరే, తిరిగి లైసెన్స్ అడగడానికి వీల్లేదని రాయండి. కుటూర్ కూడా ఇందులో చిక్కుకుంటాడు గదా అంటారు. అవును, అతని చివరి మూడు ఫైట్లలో నాకౌట్లు రెండు. నేను రాసిన నిబంధన అతన్ని ఆపేస్తుంది. కొలంబస్ లాంటి ఒక రాత్రి పోతుందని తెలిసే అంటున్నాను, ఇంగిల్‌వుడ్ లాంటి రాత్రులు ఎక్కువ గనక.

జోన్స్ విషయానికి వస్తే, అతని గడ్డం చెక్కుచెదరలేదు. రికార్డులో ఉన్న ఒక్క ఓటమి 2009 నాటి అనర్హత వేటు, ఎవరూ పడగొట్టింది కాదు. మూడేళ్ల విరామం తర్వాత 2023 మార్చిలో హెవీవెయిట్‌కి మారి, సిరిల్ గానెని మెడ బిగించి 2 నిమిషాల 4 సెకన్లలో ముగించాడు. మళ్లీ పై తరగతి, మళ్లీ పట్టు. 2024 నవంబర్‌లో 42 ఏళ్ల స్టీపే మియోచిచ్‌ని కొట్టాడు గానీ, మియోచిచ్ కూడా మూడేళ్లకు పైగా కేజ్ ఎక్కకుండా వచ్చినవాడే. ఇప్పుడు బ్రెజిల్ కిక్‌బాక్సర్ అలెక్స్ పెరీరాతో అంటే సరే. వయసులో ఇద్దరికీ పన్నెండు రోజులే తేడా, కింద పడితే పెరీరాకి లేవడం కష్టం. టామ్ ఆస్పినల్ సంగతి వేరు. 1993లో పుట్టిన ఇంగ్లండ్ హెవీవెయిట్, ఆ బరువుతో మిడిల్‌వెయిట్‌లా అడుగులేస్తాడు, నేల మీద పట్లు కూడా తెలిసినవాడు. అతన్ని గోడకు అదిమి ఊపిరి తీసుకోవడం జరిగే పని కాదు. మా కుర్రాళ్లకు ఆస్పినలే కావాలి. ఇరవై ఏళ్లవాళ్లు, పెద్ద ఫైట్ కావాలంటారు. జోన్స్ నా శిష్యుడైతే ఆ కాగితం మీద సంతకం పెట్టనివ్వను.